కాటా దగ్గర తప్పితే కంప్యూటరేం చేస్తుంది?

కిరాణా కొట్టు లెక్కలు కంప్యూటర్‌కి అప్పగించడం తేలిక. పది సబ్బులు కొని ఎనిమిది అమ్మితే రెండు మిగులుతాయి. రైసుమిల్లులో అలా కుదరదు. లోపలికి వెళ్లేది ధాన్యం ఒక్కటే. బయటికి బియ్యం, నూకలు, తవుడు, ఊక వస్తాయి. కంటికి కనబడకుండా పోయేది తేమ. కొనుగోలు, స్టాకు, తయారీ, అమ్మకం, ఖాతాలు అన్నింటినీ ఒకచోట కలిపే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్ పెట్టుకోవాలంటే దెందులూరు, ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాల మిల్లర్లు ముందు చూసుకోవాల్సింది ఈ తేడానే.

తేమకు ఖాతా ఉందా?

ప్రభుత్వ కొనుగోలులో ధాన్యానికి 17 శాతం వరకు తేమను అనుమతిస్తారు. అలాంటి ధాన్యం 100 క్వింటాళ్లు తెచ్చి 14 శాతానికి ఆరబెడితే మిగిలేది సుమారు 96.5 క్వింటాళ్లు. మూడున్నర క్వింటాళ్లు గాల్లో కలిసిపోతాయి. ఈ సంగతి సాఫ్ట్‌వేర్‌కి చెప్పకపోతే నెలాఖరుకి అది స్టాకులో లోటుగా తేలుతుంది. యజమాని గుమస్తాని అనుమానిస్తాడు. మాట పడలేక గుమస్తా మర్నాటి నుంచి అంకెలు సర్దడం మొదలుపెడతాడు. అంతటితో డబ్బు పోసి కొన్న సాఫ్ట్‌వేర్ పని అయిపోయినట్టే.

కొలతలదీ ఇదే తంతు. గోదావరి జిల్లాల్లో రైతు లెక్క 75 కిలోల బస్తా. ప్రభుత్వ లెక్క క్వింటాలు. కస్టమ్ మిల్లింగ్‌కి తీసుకున్న ధాన్యానికి పచ్చి బియ్యమైతే క్వింటాలుకు 67 కిలోలు అప్పగించాలి. ఏ రకం ధాన్యానికి తన మిల్లులో ఎంత దిగుబడి వస్తోందో తెలియని యజమానికి లాభమో నష్టమో చివరిదాకా అంతు చిక్కదు.

పెదవేగి వైపు వెళ్తే పామాయిల్. కోసిన గెలలు 24 గంటల్లోగా ఫ్యాక్టరీకి చేరకపోతే నూనెలో ఆమ్లం పెరిగి నాణ్యత పడిపోతుంది. రైతుకు దక్కే ధర నూనె దిగుబడి శాతంతో ముడిపడి ఉంటుంది. వంద టన్నుల గెలల్లో ఒక్క శాతం తేడా అంటే ఒక టన్ను నూనె. ఆ శాతం గురించే రైతులు ఏళ్ల తరబడి గొంతెత్తారు. కాటా తూకం, గెల కోసిన సమయం, నూనె దిగుబడి ఒకేచోట నమోదై రైతుకీ కనిపిస్తే సగం తగువులు తగ్గుతాయి.

తొందరపడితే...

పెద్ద కంపెనీలకూ దెబ్బలు తప్పలేదు. అమెరికా చాక్లెట్ కంపెనీ హెర్షీస్ నాలుగేళ్లు పట్టే ఈఆర్‌పీ పనిని రెండున్నరేళ్లలో ముగించాలనుకుంది. 1999 జులైలో, సరిగ్గా హాలోవీన్ పండగ ఆర్డర్లు వచ్చే వేళకి కొత్త వ్యవస్థను మొదలుపెట్టింది. గోదాముల్లో సరుకుంది, దుకాణాలకు మాత్రం చేరలేదు. 10 కోట్ల డాలర్లకు పైగా విలువైన ఆర్డర్లు తీర్చలేకపోయింది.

మన మిల్లులకు పండగంటే సార్వా, దాళ్వా కోతలే. ధాన్యం లారీలు గేటు ముందు బారులు తీరినప్పుడు కొత్త సాఫ్ట్‌వేర్ జోలికి పోకూడదు. రెండు పంటల మధ్య ఖాళీలో మొదలుపెట్టాలి. అంతకుముందే ఒక సీజను పాటు ఏ రకానికి ఎంత తేమ, ఎంత బియ్యం, ఎంత తవుడు అన్నది పుస్తకంలో రాసి పెట్టుకోవాలి. ఎలక్ట్రానిక్ కాటా తూకాన్ని చేత్తో కొట్టకుండా నేరుగా కంప్యూటర్‌కి కలపాలి. కనీసం నెల రోజులు పాత చిట్టా, కొత్త లెక్క పక్కపక్కనే నడపాలి. రెండూ కలిశాకే చిట్టా మూసేయాలి.

అన్నిటికంటే ముందు కాటా గుమస్తాని, డ్రయ్యర్ ఆపరేటర్‌ని కూర్చోబెట్టుకుని మాట్లాడాలి. ఏ లారీలో తడి ధాన్యం వచ్చిందో, ఏ రకం నూక ఎక్కువవుతుందో వాళ్లకు తెలిసినంతగా సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇంజినీరుకి తెలియదు. తేమ వల్ల పోయిన బరువుకి తమను నిలదీయరని వాళ్లకు నమ్మకం కలిగితే చాలు, నిజమైన అంకెలే లోపలికి వెళ్తాయి. అప్పుడు తూకం చీటీ చేతికందిన రైతుకీ, లాభనష్టాలు చూసుకునే యజమానికీ ఒకే లెక్క కనబడుతుంది.