వాళ్ళ బట్టకు చరిత్ర, మన బట్టకు తెగ

2015 వేసవిలో లండన్‌లో చదువుకుంటున్న మేము ముగ్గురం విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియానికి వెళ్ళాం. ఇద్దరం లంబాడీలం, ఒకరు ఆదిలాబాదు కొలాం. (లంబాడీలూ కొలాంలూ కలిసి వ్యాసం రాయడమేమిటని ఇప్పుడు అడిగేవాళ్ళున్నారు. ఆ తగువు ఇక్కడ తేలేది కాదు, వదిలేద్దాం.) అక్కడ అలెగ్జాండర్ మెక్వీన్ అనే డిజైనర్ బట్టల ప్రదర్శన నడుస్తోంది. దాని పేరు ‘సావేజ్ బ్యూటీ’. తెలుగులో ఆటవిక సౌందర్యం అనాలి. అనాగరిక సౌందర్యం అన్నా తప్పులేదు. మన తాతలను తిట్టడానికి దొరలు వాడిన మాటను టిక్కెట్టు పెట్టి అమ్ముతున్నారంటే చూడకుండా ఎట్లా ఉంటాం? అందుకే పోయాం.

ఈ ప్రదర్శననే 2011లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో పెడితే 6,61,509 మంది చూశారు. లండన్‌లో 4,93,043 మంది. చివరి రెండు వారాంతాల్లో రాత్రంతా తలుపులు తెరిచే ఉంచారు. మేడారం చూసిన మనకు ఇది పెద్ద జనం కాదు. కానీ బట్టలు చూడటానికి ఇంతమంది వస్తారని, గుళ్ళో ఉన్నట్టు గొంతు తగ్గించి మాట్లాడుకుంటారని మాకు అప్పటిదాకా తెలియదు.

మెక్వీన్‌ను తక్కువ చేయడానికి ఇది రాయడం లేదు. అతను టాక్సీ డ్రైవరు కొడుకు. పదహారేళ్ళకు బడి మానేసి సావిల్ రో దర్జీల దగ్గర పనికి చేరాడు. కత్తెర పట్టడం, కోటు కత్తిరించడం చేత్తో నేర్చుకున్నాడు. 1996 నుంచి 2001 దాకా పారిస్‌లో జివాన్షీ సంస్థకు పెద్ద డిజైనరుగా ఉన్నాడు. 2010 ఫిబ్రవరిలో నలభై ఏళ్ళకే ప్రాణం తీసుకున్నాడు. కుట్టుపని చూస్తూ పెరిగిన మేము ఆ చేతిని తప్పుపట్టలేం. మాలో ఒకరి యాడి అక్కడ ఉంటే మాత్రం ఏ బట్టనైనా ముందు లోపలి వైపు తిప్పి చూసేది. దారం ముడి ఎట్లా వేశారో చూశాకే బాగుందో లేదో చెప్పేది. మ్యూజియంలో బట్టను తిప్పి చూడనివ్వరు.

మా పేచీ గదుల పేర్లతో.

ఒక గది పేరు ‘రొమాంటిక్ నేషనలిజం’. అంటే జాతీయత. అందులో ఉన్నది టార్టాన్ అనే గళ్ళ గుడ్డ. స్కాట్లండ్ కొండల్లో క్లాన్ అని ఉంటాయి, మన గోత్రాలూ వంశాలూ లాంటివి. మెక్వీన్ తన వంశానిదైన ఎరుపు, నలుపు, పసుపు గళ్ళనే వాడుకున్నాడు. వాళ్ళమ్మ పాత రికార్డులు వెతికి తమ వంశం మూలాలను స్కై అనే దీవి దాకా తీసుకుపోయింది. మన దగ్గర భాట్లు తరాల పేర్లు చెప్పినట్టే. 1746లో కల్లోడెన్ దగ్గర బ్రిటిష్ ప్రభుత్వ సైన్యం చేతిలో ఆ కొండజనం ఓడిపోయారు. ఆ ఏడాదే వాళ్ళ దుస్తులు వేసుకోవడం నేరమని చట్టం చేశారు. 1782 దాకా ఆ చట్టం ఉంది. కల్లోడెన్ విధవల పేరుతో మెక్వీన్ 2006లో ఒక వరస బట్టలు చేశాడు. అంతకుముందు 1995లో చేసిన వరస, ఇంగ్లండు స్కాట్లండును చెరిచిన తీరు గురించని తనే చెప్పుకున్నాడు. స్కాట్లండ్ అంటే పొగమంచు, పిల్లనగ్రోవి, గళ్ళ లంగా అనుకునే జనం మీద అతనికి ఒళ్ళుమంట.

ఆ గదిలో మాకు చుట్టరికం తగిలింది. గుడ్డను బట్టి, పుట్టుకను బట్టి జనాన్ని నేరస్తులను చేసే చట్టం మనకు కొత్తదా? 1871లో నేరస్త జాతుల చట్టం వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో మా లంబాడీలను ఆ జాబితాలో ఎక్కించారు. దేశమంతటా ఆ చట్టం 1952లో గానీ పోలేదు. కాబట్టి మెక్వీన్ కోపం మాకు బాగా అర్థమైంది. ఆ కోపానికి జాతీయత అని పేరు పెట్టడమూ న్యాయంగానే తోచింది.

ఇంకో గది ‘రొమాంటిక్ ప్రిమిటివిజం’. ప్రిమిటివ్ అంటే ఆదిమం. ఆ గది గోడలను ఎముకలూ పుర్రెలూ పరిచినట్టు తయారుచేశారు. లోపల కొమ్ములు, తోళ్ళు, వెంట్రుకలు, పూసలు. 2000లో చేసిన ‘ఎషు’ అనే వరసలోని బట్టలు అందులో ఉన్నాయి. పసుపు గాజుపూసలు, గుర్రపు వెంట్రుకలు కలిపి చేసిన ఒక గౌను అందరూ ఆగి చూస్తున్నారు. నిజంగా చూడదగ్గదే. అయితే ఎషు అంటే ఎవరు? యొరుబా ప్రజల దేవుడు. దారులు కలిసేచోట ఉంటాడు, మనుషుల మాట దేవుళ్ళకు చేరవేస్తాడు. నైజీరియాలోనే కాదు, బానిసలుగా పట్టుకుపోయిన యొరుబాల వల్ల బ్రెజిల్‌లో, క్యూబాలో ఇప్పటికీ అతనికి పూజలు జరుగుతున్నాయి. ఆ యొరుబాల ఇఫే నగరంలో ఆరు వందల ఏళ్ళ కిందటే మనిషి ముఖాన్ని లోహంలో అచ్చుగుద్దినట్టు పోతపోశారు. అలాంటి తల ఒకటి అదే లండన్‌లో, బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. 1910లో ఫ్రొబేనియస్ అనే జర్మన్ పరిశోధకుడు ఇఫే వెళ్ళి అక్కడి శిల్పాలు చూశాడు. ఇవి ఆఫ్రికావాళ్ళు చేసినవై ఉండవు, సముద్రంలో మునిగిపోయిన అట్లాంటిస్ వాళ్ళవి అన్నాడు. కళ్ళెదుట చేసినవాళ్ళ మనవలు తిరుగుతున్నా నమ్మలేదు.

ఒకే మనిషి చేతిలో నుంచి వచ్చిన బట్టలు. తన కొండవంశం గుడ్డ కట్టిస్తే జాతీయత. దానికి యుద్ధం పేరుంది, తేదీ ఉంది, చట్టం ఉంది. ఇంకొకరి దేవుణ్ణి తెచ్చి కట్టిస్తే ఆదిమత. దానికి ఎముకల గోడ ఉంది.

చదువుకున్నవాళ్ళు దీనికి ఒక జవాబు చెప్తారు. ప్రిమిటివిజం అనేది ప్రజలకు పెట్టిన పేరు కాదట. నాగరికతతో విసిగిన యూరపు కళాకారులు ఆదిమం వైపు చూసిన చూపుకు కళా చరిత్రలో ఉన్న పేరట. సావేజ్ అన్నది కూడా మెక్వీన్ ఊహాశక్తిని మెచ్చుకుంటూ అన్న మాటేనట. ఈ జవాబు మాకు తెలుసు, తరగతిలో చదివాం కూడా. కానీ ఆ చూపు ఎవరి మీద పడుతుందో వాళ్ళు లేకుండా ఆ చూపు లేదు కదా. ఒకణ్ణి అనాగరికుడని ముందు నమ్మితేనే ఇంకొకడిని అనాగరికుడంత అందంగా ఉన్నావని పొగడగలరు. తిట్టు ఎప్పుడూ తినని మనిషికి ఆ మాట పండగనాడు వేసుకుని మర్నాడు విప్పేసే కోటు. మనకు విప్పే వీలు లేదు.

మాతో వచ్చిన కొలాం మిత్రుడు ఆ గది పేరు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. 1975లో మన ప్రభుత్వం కొన్ని తెగలను విడదీసి వాటికి ‘ప్రిమిటివ్ ట్రైబల్ గ్రూప్స్’ అని పేరు పెట్టింది. చెంచులు, కొలాంలు, తోటీలు, కొండరెడ్లు ఆ జాబితాలోనివాళ్ళే. 2006లో ప్రిమిటివ్ అన్న మాట తీసేశారు. అప్పటికి ఇతని బడి చదువు చాలా వరకు అయిపోయింది. హాస్టలు సీటుకూ, ఉపకారవేతనానికీ తాను ప్రిమిటివ్ అని రాసి సంతకం పెట్టాడు. పెట్టకపోతే అన్నం లేదు. “నా దరఖాస్తు మీది మాటకు వీళ్ళు లైటు పెట్టారు” అన్నాడు. ముగ్గురం నవ్వుకున్నాం. పక్కనున్న ముసలామె మా వైపు కోపంగా చూసింది.

ఇక ఆ భవనం సంగతి. ఈస్టిండియా కంపెనీ మన దేశం నుంచి పోగేసిన సరుకుతో లండన్‌లో ఇండియా మ్యూజియం నడిపింది. 1879లో దాన్ని పంచేసినప్పుడు బట్టలూ కళావస్తువులూ చాలా వరకు ఈ మ్యూజియానికే చేరాయి. అంతకుముందు 1866లో ఆ ఇండియా మ్యూజియంలో పనిచేసిన ఫోర్బ్స్ వాట్సన్ అనే అధికారి, మన దేశపు బట్టల నుంచి 700 ముక్కలు కత్తిరించి 18 సంపుటాలుగా అంటించాడు. అలాంటివి 20 ప్రతులు తయారయ్యాయి. ఇంగ్లండు మిల్లులవాళ్ళు చూసి, అలాంటివే నేసి, మనకే అమ్మాలని. ముక్క పక్కన ఊరు, పొడవు, వెడల్పు, బరువు, ధర వంటి వివరాలు రాశారు. నేసిన చేతి పేరు వాళ్ళకు అక్కరలేదు.

పేరు కుట్టడం ఫ్యాషన్‌వాళ్ళకు తెలియని విద్యేం కాదు. పారిస్‌లో 1858లో దుకాణం తెరిచిన వర్త్ అనే ఆయన, చిత్రకారుడు బొమ్మ మీద సంతకం పెట్టినట్టు, బట్ట లోపల తన పేరు కుట్టించాడు. ఈ ఖరీదైన చేతికుట్టు దుస్తులను ఫ్రాన్సులో ఓట్ కూచుర్ అంటారు. 1945 నుంచి ఆ మాటకు చట్టం కాపలా ఉంది. ఎవరు పడితే వాళ్ళు వాడుకోకూడదు. అంటే ఒక మాటను కాపాడటానికి చట్టం దొరుకుతుంది, ఎషును కాపాడటానికి దొరకదు. అక్కడ కూడా కుట్టే ఆడవాళ్ళకు ‘చిన్ని చేతులు’ అని ముద్దుపేరుంది గానీ బట్ట మీద వాళ్ళ పేరుండదు. పారిస్ సంస్థల ఎంబ్రాయిడరీ చాలా ఏళ్ళుగా ముంబై, చెన్నైల్లోనూ జరుగుతోంది. 2023 మార్చిలో డియోర్ వాళ్ళు గేట్‌వే ఆఫ్ ఇండియా ముందు ప్రదర్శన పెట్టాక ఈ సంగతి నలుగురికీ తెలిసింది.

ఇంతసేపూ లండన్‌ను తిట్టాం. ఇప్పుడు మన సంగతి మాట్లాడుకోవాలి, ముఖ్యంగా బడుల్లో పనిచేస్తున్న మనం. మన గిరిజన మ్యూజియాలకు పిల్లలను తీసుకుపోతాం కదా, అక్కడేముంది? బొమ్మకు ఫేటియా, కాంచళి, టుక్రి తొడిగి కింద ‘లంబాడీ స్త్రీ’ అని రాస్తారు. కుట్టిందెవరు? ఏ తండా? ఏ సంవత్సరం? ఏమీ ఉండదు. ఎప్పుడూ ఇలాగే ఉన్నాం, ఇలాగే ఉంటాం అన్నట్టు. మంత్రి వస్తున్నాడంటే మన ఆడపిల్లలకే ఆ బట్టలు తొడిగి ఎండలో నిలబెడతాం. దండారిలో గోండులు నిష్ఠతో ధరించే గుస్సాడీ టోపీని సభా వేదికల దాకా తెచ్చాం. ఆగస్టు 9న ‘ట్రైబల్ డ్రెస్’ పోటీ పెట్టి మొదటి బహుమతి ఇస్తాం. తన యాడి రోజూ కట్టుకునే బట్టను పిల్ల వేషంగా వేసుకుంటుంది. గది పేరు ఏదైతేనేం, ఆ ఎముకల గోడ మనం కూడా కడుతున్నాం.

మన బట్టకు చరిత్ర లేదా? చేతికి వేసుకునే బలియాలు ఒకప్పుడు ఏనుగు దంతంవి. తర్వాత ఎముకవి వచ్చాయి, ఇప్పుడు ప్లాస్టిక్కువి. ఆ మార్పులో అడవి చట్టం ఉంది, బజారు ఉంది, మన లేమి ఉంది. అద్దం ఏ పట్నం నుంచి వచ్చింది, రంగు గుడ్డ ఎవరు అమ్మారు, రూపాయి బిళ్ళ ఏ రాజు తల ఉన్నది, ఇవన్నీ కుట్టులోనే ఉన్నాయి. ఫేటియా చూసి ఫలానా తండా కుట్టు అని చెప్పగల ముసలమ్మలు ఇంకా ఉన్నారు. ఫేటియా కట్టుకుని బస్సెక్కితే పక్క సీట్లో ఎవరూ కూర్చోని రోజులు ఎప్పుడు మొదలయ్యాయో, చీర ఎందుకు కట్టామో కూడా వాళ్ళకు తెలుసు. వాళ్ళను అడగకుండా మనం పాఠం చెప్తున్నాం.

మాలో ఒకరు ఇప్పుడు ఆశ్రమ పాఠశాలలో టీచరు. పోయిన ఏడాది బడిలో ఒక అద్దాల బీరువా సంపాదించి, పక్క తండాలో మేనత్త వరసయ్యే ఆమె దగ్గర ఒక కాంచళి అడిగి తెచ్చి పెట్టాం. చీటీ మీద ఆమె పేరు, తండా పేరు, 1987 అని సంవత్సరం రాశాం. (ఈ పుస్తకంలో మాత్రం పేరు వెయ్యొద్దంది, చీటీ మీద చాలంది.) చూడటానికి వచ్చి, ఏడో తరగతి పిల్లతో చీటీ రెండుసార్లు చదివించుకుంది. సంవత్సరం తప్పన్నది. “పెద్ద కొడుకు పుట్టకముందు కుట్టిన, వాడు పుట్టింది కరువు ఏడాది” అని లెక్క కట్టించింది. 1985 అని దిద్దాం. చేతికింద కుట్టు తనది కాదు, చెల్లెలిదంది. చెల్లెలి పేరు కూడా చేర్చాం. వేసవిలో మనవరాలి పెళ్ళికి కావాలని కాంచళి తీసుకుపోయింది, ఇంకా తేలేదు. బీరువాలో చీటీ ఉంది.