మొదటి పరుగు గెలవడానికి కాదు, పూర్తి చేయడానికి

మా నాన్నగారిది వైమానిక దళంలో ఉద్యోగం. నేను ఇప్పటికి నాలుగు ఊళ్ళలో చదివాను. సామాన్లు సర్దుకోవడం, స్నేహితులకు వీడ్కోలు చెప్పడం, కొత్త తరగతిలో చివరి బెంచీలో కూర్చోవడం మనందరికీ అలవాటే. ఖోఖో జట్టులో చోటు దొరికేసరికి మళ్ళీ బదిలీ ఉత్తర్వు వస్తుంది. అందుకే నా అభిప్రాయం చెబుతున్నాను: మనలాంటి పిల్లలకు దూరపు పరుగును మించిన ఆట లేదు. దానికి జట్టు అక్కర్లేదు. ఏ ఊరు వెళ్ళినా మన కాళ్ళు మనతోనే వస్తాయి. అయితే దానికి సిద్ధం కావాలి. ఆ సంగతి నేను దెబ్బ తిని నేర్చుకున్నాను.

తొమ్మిదో తరగతిలో, విశాఖపట్నంలో ఉండగా, 3000 మీటర్ల పరుగుకు పేరిచ్చాను. 400 మీటర్ల ట్రాక్ మీద ఏడున్నర చుట్లు. పోటీ వారం రోజులుందనగా సాధన మొదలుపెట్టాను. రోజూ ఊపిరాడనంత వేగంగా పరిగెత్తేదాన్ని. పోటీ రోజు ఈల వినగానే అందరికంటే ముందు దూసుకుపోయాను. మొదటి చుట్టులో నాకే చప్పట్లు. మూడో చుట్టులో డొక్క పట్టేసింది. నాలుగో చుట్టులో గడ్డి మీద కూలబడ్డాను. "పర్వాలేదులేమ్మా" అని అందరూ అన్నారు. ఆ జాలి మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆ రాత్రి అమ్మతో, పరుగు ఇక నా వల్ల కాదన్నాను.

నిజానికి తప్పు నా కాళ్ళది కాదు, నా తొందరది. శక్తికి మించిన వేగంతో బయలుదేరితే కండరాలకు కావలసినంత ఆక్సిజన్ అందదు. తొందరగా అలసిపోతాం. కాబట్టి సాధనలో ఎక్కువ రోజులు పక్కవాళ్ళతో మాట్లాడగలిగేంత వేగంతోనే పరిగెత్తాలి. మాట పెగలడం లేదంటే వేగం ఎక్కువైందని అర్థం. మొదట్లో మూడు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక చాలు. నడవడం సిగ్గుపడాల్సిన పని కాదు. వారానికి నాలుగు రోజులు పరిగెత్తి, మిగతా రోజులు విశ్రాంతి తీసుకోవాలి. గుండె, ఊపిరితిత్తులు అలవాటు పడినంత త్వరగా ఎముకలు, కీళ్ళు గట్టిపడవు. అందుకే దూరాన్ని కొద్దికొద్దిగానే పెంచాలి. ఒళ్ళంతా అలసట ఉంటే భయం లేదు కానీ, ఒకే చోట గుచ్చినట్టు నొప్పి ఉంటే ఆగిపోయి పెద్దవాళ్ళకు చెప్పాలి.

మరుసటి ఏడాది నాన్నగారికి షిల్లాంగ్ బదిలీ అయింది. అది సముద్రమట్టానికి దాదాపు 1500 మీటర్ల ఎత్తులో ఉంది. విశాఖలో సులువుగా పరిగెత్తిన దూరానికే అక్కడ రొప్పు వచ్చేది. ఎత్తు పెరిగితే గాలి పలచబడుతుంది, ప్రతి శ్వాసలో అందే ఆక్సిజన్ తగ్గుతుంది. కొన్ని వారాలు వేగం తగ్గించుకున్నాక శరీరం సర్దుకుంది. కొత్త బడిలో మొదటి నెల కూడా ఇలాంటిదే కదా! మనకేదో లోపం ఉందనుకుంటాం. కావలసింది కాస్త సమయం మాత్రమే.

మనసును సిద్ధం చేసుకోవడం ఇంకా ముఖ్యం. ఏడున్నర చుట్లనూ ఒకేసారి తలచుకుంటే భయం వేస్తుంది. నేను వాటిని మూడు ముక్కలు చేసుకున్నాను. మొదటి రెండు చుట్లు ఎవరు దాటిపోయినా పట్టించుకోకూడదు. మధ్య మూడు చుట్లు అన్నిటికంటే కష్టం. చప్పట్లు ఆగిపోతాయి, గమ్యం కనిపించదు. అప్పుడు ముందున్నవారి వీపు మీద చూపు నిలిపి అడుగులు లెక్కపెట్టాలి. మిగిలిన రెండున్నర చుట్లకు దాచుకున్న శక్తి ఉంటుంది. పోటీ రోజు కొత్త బూట్లు, కొత్త తిండి వద్దు. అలవాటైన ఇడ్లీలే రెండు మూడు గంటల ముందు తింటే చాలు.

అవినాష్ సాబ్లే పేరు మీరు వినే ఉంటారు. సైన్యంలో చేరి సియాచిన్ మంచులో, రాజస్థాన్ ఎండలో పనిచేసిన జవాను ఆయన. సైన్యంలో చేరిన తరువాతే క్రాస్ కంట్రీ పరుగులోకి వచ్చారు. 2022 కామన్వెల్త్ క్రీడల్లో 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్‌ను 8 నిమిషాల 11.20 సెకన్లలో పూర్తి చేసి రజతం సాధించారు. బదిలీలు పరుగుకు అడ్డు కాదనడానికి ఇంతకంటే ఉదాహరణ ఏం కావాలి?

"పతకం రానప్పుడు పరుగెందుకు?" అని నా స్నేహితురాలు అడిగింది. పతకాలు మూడే ఉంటాయి. పరిగెత్తేవాళ్ళు ఎందరో ఉంటారు. మొదటి పరుగులో మన పోటీ మధ్యలో ఆగిపోదామనే ఆలోచనతోనే. మన ఉపాధ్యాయులకూ ఒక విన్నపం. దూరపు పరుగు తేదీని కనీసం ఎనిమిది వారాల ముందు ప్రకటించండి. గెలిచిన ముగ్గురి పేర్లతో పాటు, పరుగు పూర్తి చేసిన అందరి పేర్లూ చదవండి. నిన్నగాక మొన్న చేరిన పిల్లకు మైదానంలో తన పేరు వినిపిస్తే ఆ బడి తనదే అనిపిస్తుంది.

షిల్లాంగ్‌లో నేను పద్నాలుగు మందిలో పదకొండో దాన్ని. కానీ ఏడున్నర చుట్లూ పూర్తి చేశాను. ఆ సాయంత్రం నాతో పాటు పరిగెత్తిన ఇద్దరు అమ్మాయిలు నా పేరు అడిగారు. ఇప్పుడు ముగ్గురం కలిసే సాధన చేస్తున్నాం. రేపో మాపో మళ్ళీ బదిలీ రావచ్చు. వస్తే రానివ్వండి. ఈసారి పెట్టెలో అన్నిటికంటే పైన నా బూట్లు పెట్టుకుంటాను, దిగిన మర్నాడే తీయడానికి వీలుగా.

— పదకొండవ తరగతి విద్యార్థిని