ఖైదీ కులానికి కాలమ్ ఉంది, సూపరింటెండెంట్ కులానికి లేదు



ఈ వరుసలో ఇప్పటిదాకా యూనివర్సిటీ నియామకాల గురించి, హాస్టళ్ళ గురించి రాస్తూ వచ్చాను. ఈసారి జైళ్ళు. జైల్లో ఉన్నవాళ్ళ గురించి మనం తరచుగానే మాట్లాడుకుంటాం. జైలును నడిపేవాళ్ళ గురించి మాట్లాడుకోం. ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటున్నారు, ఎలా కూర్చుంటున్నారు అన్నది ఇవాళ్టి మాట.

జాతీయ నేర గణాంకాల సంస్థ జైళ్ళ మీద లెక్కల పుస్తకం వేస్తుంది. 2022 లెక్కల్లో దేశంలోని జైళ్ళలో ఉన్నవాళ్ళు 5.73 లక్షల మంది. అందులో 4.34 లక్షల మంది విచారణ ఖైదీలు. అంటే నలుగురిలో ముగ్గురి మీద నేరం ఇంకా రుజువు కాలేదు. ఆ విచారణ ఖైదీల్లో ఎస్సీలు సుమారు 21 శాతం, ఎస్టీలు 9 శాతం పైన. 2011 జనాభా లెక్కల్లో ఎస్సీలు 16.6 శాతం, ఎస్టీలు 8.6 శాతం. ఎక్కడా మన జనాభాకు తగ్గ వాటా ఇవ్వని రాజ్యం, జైల్లో మాత్రం అంతకంటే ఎక్కువే ఇచ్చింది.

అదే పుస్తకంలో సిబ్బంది అధ్యాయం తిరగేయండి. ర్యాంకు ఉంది. మంజూరైన పోస్టులెన్ని, భర్తీ అయినవెన్ని అని ఉంది. ఆడవాళ్ళెంతమందో ఉంది. కులం లేదు. ఊచల లోపలివాడి కులం రాసుకోవడం తెలిసిన ప్రభుత్వానికి, తాళంచెవి పట్టుకున్నవాడి కులం రాయడానికి చెయ్యి రాలేదు.

'ఎవరు కూర్చుంటే ఏంటి సార్, రూల్స్ ఉన్నాయి కదా' అంటారు. ఆ రూల్స్ సంగతే చూద్దాం.

మన జైళ్ళను చాలాకాలం నడిపింది, ఇంకా చాలాచోట్ల నడుపుతున్నది 1894 నాటి చట్టం. దాని 46వ సెక్షన్ ప్రకారం జైల్లో తప్పు చేశాడన్న ఖైదీని విచారించేదీ, శిక్ష వేసేదీ సూపరింటెండెంటే. లోపల జడ్జి ఆయనే. ఎవరికి ఏ పని, ఎవరికి ఎన్ని రోజుల రెమిషన్, ఎవరి ప్రవర్తన బాగుందని పైకి రాయాలి, అన్నీ ఆయన కలం మీద ఆధారపడి ఉంటాయి.

ఆ కలం ఇన్నాళ్ళూ ఏ పుస్తకం చూసి రాసిందో 2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు చెప్పింది. పాకీ పనికి ఫలానా కులాల ఖైదీలను పెట్టాలని పశ్చిమ బెంగాల్ మాన్యువల్‌లో ఉంది. సాధారణ శిక్ష పడినవాడికి 'నీచమైన' పని చెప్పకూడదు, ఆ పని అలవాటున్న కులంవాడైతే చెప్పొచ్చు అని ఉత్తరప్రదేశ్‌లో ఉంది. మనం తక్కువ తిన్నామా? నేరస్థ తెగల చట్టం 1952లోనే రద్దయింది. 1979లో రాసుకున్న ఆంధ్రప్రదేశ్ జైలు నిబంధనల్లో సంచార తెగలు, 'నేరస్థ' తెగలు అనే మాటలు మళ్ళీ చేరాయి. స్టూవర్టుపురం ఎరుకల బిడ్డల నెత్తిన తెల్లవాడు పెట్టిన ముద్రను, వాడు పోయిన ముప్పై ఏళ్ళకు మన సచివాలయం కొత్త కాగితం మీద అచ్చేసింది. ఇవన్నీ రాజ్యాంగ విరుద్ధమని కొట్టేయించడానికి కోర్టుకెళ్ళింది సుకన్య శాంత అనే జర్నలిస్టు. ఏ రాష్ట్ర జైళ్ళ శాఖా కాదు. 17వ అధికరణం అమల్లోకి వచ్చి అప్పటికి డెబ్బై నాలుగేళ్ళు.

ఆ పేజీలు రోజూ తిరగేసిన పెద్ద అధికారుల్లో ఆ మాట గుచ్చుకునే చర్మం ఉన్నవాళ్ళు ఎంతమంది? ఇదీ నా ప్రశ్న. దీనికి జవాబు చెప్పే పట్టికను ఎవరూ అచ్చెయ్యరు.

ఇప్పుడు మెట్ల సంగతి. నా క్లాసులో కూర్చునే పిల్లలు డిప్యూటీ జైలర్ నోటిఫికేషన్ కోసం, గ్రూప్-1లో డిప్యూటీ సూపరింటెండెంట్ పోస్టు కోసం రాత్రుళ్ళు చదువుతారు. ప్రవేశంలో రిజర్వేషన్ ఉంది కాబట్టి లోపలికి వెళ్తారు. ఆ తర్వాత?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 ఫిబ్రవరి 14న జీవో 5 వచ్చింది. ప్రమోషన్లలో ఎస్సీ, ఎస్టీలకు రిజర్వేషన్. కొట్లాడి తెచ్చుకున్న జీవో అది. కానీ అందులో ఒక షరతు ఉంది: కేడర్‌లో ఐదు కంటే ఎక్కువ పోస్టులుంటేనే వర్తిస్తుంది. జైళ్ళ శాఖ రెవెన్యూ లాగానో, విద్యాశాఖ లాగానో పెద్దది కాదు. పైకి పోయేకొద్దీ పోస్టులు వేళ్ళ మీద లెక్కపెట్టేంతే. వార్డర్ దగ్గర రోస్టర్ చక్కగా తిరుగుతుంది, డీఐజీ, ఐజీ మెట్ల దగ్గరికొచ్చేసరికి ఈ ఐదు లెక్క అడ్డం పడుతుంది. ఒకే ఒక్క పోస్టున్న కేడర్‌కు రిజర్వేషనే కుదరదని 1998లో రాజ్యాంగ ధర్మాసనం ఎటూ చెప్పేసింది. అంటే కుర్చీ ఎంత బలమైనదైతే రిజర్వేషన్ అంత బలహీనం.

ఆ పైన అసలు పెద్ద కుర్చీ పోలీసు శాఖ నుంచి వచ్చే ఐపీఎస్‌ది. జైళ్ళకు ప్రత్యేకంగా అఖిల భారత సర్వీసు ఉండాలని జస్టిస్ ముల్లా కమిటీ 1983లోనే చెప్పింది. నలభై ఏళ్ళు దాటింది. ముప్పై ఏళ్ళు జైలు గోడల మధ్యే బతికిన అధికారి చివరి మెట్టు మీద నిలబడి, బయటినుంచి వచ్చినవాళ్ళకు సెల్యూట్ కొట్టి రిటైరవుతాడు. అరెస్టు చేసే శాఖే బంధించే శాఖకూ పెద్దదిక్కు కావడం ఖైదీకీ మంచిది కాదు.

ఇక డేటా నాటకం. 1992లో ఇంద్రా సహానీ తీర్పు ప్రమోషన్ రిజర్వేషన్‌కు తలుపు మూసింది. 1995లో 77వ సవరణతో 16(4ఎ) తెచ్చుకున్నాం. 2001లో 85వ సవరణతో సీనియారిటీ కాపాడుకున్నాం. 2006లో నాగరాజ్ తీర్పు 'లెక్కలు చూపించండి' అంది. 2022 జనవరి 28న జర్నైల్ సింగ్ కేసులో ఆ లెక్క కేడర్ వారీగా ఉండాలని తేల్చింది. లెక్క తియ్యాల్సింది ప్రభుత్వం. తియ్యకపోతే నష్టపోయేది మనం. పరీక్ష రాయాల్సినవాడు ఒకడు, ఫెయిలయ్యేవాడు ఇంకొకడు. ఇలాంటి పరీక్ష ఈ దేశంలోనే చెల్లుతుంది.

'పై పోస్టుల్లోనైనా మెరిట్ చూడాలి కదా' అనే మిత్రులకు ఒక్క మాట. ఆ మెరిట్ ఎక్కడ రాసి ఉంటుంది? పై అధికారి రాసే కాన్ఫిడెన్షియల్ రిపోర్టులో. 'వెరీ గుడ్' కావాల్సిన చోట 'గుడ్' అని రాసి, ఆ సంగతి ఉద్యోగికి చెప్పకుండా ప్రమోషన్ ఆపేయడం తప్పని దేవ్ దత్ కేసులో సుప్రీంకోర్టు 2008లో చెప్పాల్సి వచ్చింది. అప్పటిదాకా ఆ 'గుడ్' ఎంతమంది గొంతు కోసిందో ఎవరు లెక్కపెట్టారు? మెరిట్ అంటే కొండ మీద దొరికే రాయి కాదు. ఒకడి గురించి ఇంకొకడు రాసే వాక్యం. రాసేవాళ్ళంతా ఒకే వాడవాళ్ళైతే ఆ వాక్యం ఎటు మొగ్గుతుందో తెలుగు పాఠం చెప్పేవాడిగా నాకు తెలుసు.

ఇంకో అభ్యంతరం మనవాళ్ళ నుంచే వస్తుంది. 'మనోడు సూపరింటెండెంట్ అయితే మాత్రం లాఠీ మెత్తబడుతుందా?' మెత్తబడకపోవచ్చు. కుర్చీకి తగ్గట్టు మారిపోయినవాళ్ళను మనమూ చూశాం. కానీ మంచివాడైతేనే ఉద్యోగమివ్వాలన్న షరతు ఏ రెడ్డిగారికీ, ఏ శర్మగారికీ పెట్టరు. మనకే ఎందుకు? వాటా అనేది గుణానికి బహుమానం కాదు, హక్కు.

వర్గీకరణ మీద కొట్లాడుకుంటున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీరూ వినండి. తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుంచి వర్గీకరణ చట్టం అమల్లో ఉంది. న్యాయమైన పంపకం జరగాల్సిందే. కానీ ఐదు పోస్టులు దాటని కేడర్‌లో రిజర్వేషన్ వాటా సున్నా. సున్నాను మాల, మాదిగ, ఉపకులాలు ఎన్ని భాగాలు చేసుకున్నా చేతికొచ్చేది సున్నానే.

కాబట్టి అడగాల్సినవి నాలుగు. జైళ్ళ శాఖలో ప్రతి కేడర్‌లో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మహిళల సంఖ్య ఏటా అచ్చెయ్యాలి. చిన్న కేడర్లను కలిపి రోస్టర్ నడపాలి, ఐదు షరతు ఎత్తెయ్యాలి. ప్రమోషన్ కమిటీ ఎవరిని ఎందుకు పక్కన పెట్టిందో కారణం రాసి ఆ ఉద్యోగికి ఇవ్వాలి. జైళ్ళ శాఖలో ఎదిగినవాళ్ళకు ఆఖరి కుర్చీ దాకా దారి ఉండాలి.

విద్యార్థి మిత్రులకు పని కూడా ఉంది. పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. వ్యక్తుల పేర్లు అడగొద్దు, వ్యక్తిగత సమాచారమని తిప్పి పంపుతారు. కేడర్ వారీ మొత్తాలు, రోస్టర్ పాయింట్లు, ఖాళీగా ఉన్న బ్యాక్‌లాగ్ అడగండి. ఇవ్వకపోతే అప్పీలు చేయండి. ఒక్కో జిల్లా నుంచి ఒక్కో దరఖాస్తు పోతే సచివాలయం ఆ పట్టిక తయారుచేయక తప్పదు.

ఉన్నవ లక్ష్మీనారాయణ గారు 'మాలపల్లి' జైల్లోనే రాశారు. ఆ నవల వచ్చి వందేళ్ళు దాటింది. మాలపల్లి నుంచి జైలుకు దారి అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఆ దారి ఖైదీ బ్యారక్ దగ్గరే ఆగిపోకుండా సూపరింటెండెంట్ గది దాకా, ఆ పై గదుల దాకా వెయ్యమని అడుగుతున్నాం. దయగా కాదు, లెక్క ప్రకారం.

జై భీమ్.