నారింజరంగు పొగ, బీటలు వారిన గోడ

గనిప్రాంతాల నుండి వచ్చిన రోగి దగ్గితే వైద్యులం ధూళి గురించి అడుగుతాము. పేలుడు గురించి అడగము. నేనూ చాలాకాలం అడగలేదు.

ఓపెన్‌కాస్టు గనులలో రాతిని పగులగొట్టడానికి విరివిగా వాడేది అమోనియం నైట్రేటు, డీజిలు మిశ్రమం. తూకంలో సుమారు 94కు 6 పాళ్ళు. డీజిలు తగ్గినా, రంధ్రంలో నీరు చేరి మందు చెడినా, పేలుడు సంపూర్ణం కాక నారింజరంగు పొగ లేస్తుంది. అది నైట్రోజన్ డయాక్సైడు. పీల్చినవానికి ఆ క్షణాన కాస్త దగ్గు, కళ్ళమంట తప్ప మరేమీ తోచకపోవచ్చు. ఇంటికి వెళ్ళి భోజనం చేసి పడుకొంటాడు. కొన్ని గంటలకు, ఒక్కొక్కసారి మరునాటికి, ఊపిరితిత్తులలో నీరు చేరి ఆయాసం మొదలవుతుంది. కాబట్టి ఆ పొగలో చిక్కుకొన్నవానిని "బాగానే ఉన్నాడు" అని పంపివేయరాదు. కనీసం ఒక రోజు వైద్యుల కనుసన్నలలో ఉంచాలి.

నిర్లక్ష్యపు పేలుడు గని గోడనూ ఇలాగే దెబ్బతీస్తుంది. గాయం వెంటనే కనబడదు. మందు అతిగా కూరితే, నిలిచి ఉండవలసిన గోడ కూడా లోపల బీటలు వారుతుంది. వాననీరు ఆ బీటలలోకి దిగి ఒత్తిడి పెంచుతుంది. దీనిని నివారించడానికే గోడ వెంబడి దగ్గరదగ్గరగా రంధ్రాలు వేసి, స్వల్పంగా మందు పెట్టి, ముందుగానే ఒక చీలిక ఏర్పరుస్తారు. తక్కిన రంధ్రాలను మిల్లీసెకన్ల తేడాతో పేలుస్తారు. ఇందుకు ఖర్చు, సమయం రెండూ కావాలి. ఉత్పత్తి లక్ష్యం తరుముతున్నప్పుడు మొదట కోతపడేది ఇక్కడే అని నా అనుమానం.

2013 ఏప్రిల్ 10న అమెరికాలోని బింగమ్ కాన్యన్ రాగి గనిలో కోట్ల టన్నుల రాయి కూలింది. ఒక్క ప్రాణమూ పోలేదు. గోడ కదలికను పరికరాలు ముందే పసిగట్టగా మనుషులను ఖాళీ చేయించారు. 2016 డిసెంబరు 29న ఝార్ఖండ్‌లోని లాల్‌మటియా బొగ్గు గనిలో మట్టి, రాళ్ళు కూలి ఇరవైమందికి పైగా మరణించారు. ఈ తేడాను విధి అని సరిపెట్టుకోవడానికి నా మనస్సు ఒప్పదు.

మన గోదావరిఖని, మణుగూరు ప్రాంతాలలోనూ ఓపెన్‌కాస్టు గనులున్నాయి. గని యాజమాన్యానికి చెందని ఇళ్ళ వద్ద పేలుడు ప్రకంపన, పౌనఃపున్యం 8 హెర్ట్జ్‌కు లోపుంటే, సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటరాదని గనుల భద్రతా విభాగపు ప్రమాణం. ఆ కొలతలను గ్రామపంచాయతీ పలకపై రోజూ వ్రాయించాలని నా అభిప్రాయం.

మీ ఇంట ఎవరైనా ఆ పొగ పీల్చివస్తే, ఏ వేళ పీల్చారో, పొగ ఏ రంగులో ఉన్నదో ఆస్పత్రిలో ముందుగా చెప్పండి.