వీసా పరీక్షయు మన యువకులును

కొత్తకోట మీదుగా పోవు 44వ జాతీయ రహదారిపై ఉత్తరముగా సాగిన బస్సు కొన్ని గంటలలో హైదరాబాదు చేరును. మఱునాటి యుదయము అమెరికా కాన్సలు కార్యాలయములో హాజరు కావలసిన యువకుడు ఆ బస్సులో కూర్చున్నప్పుడు, అతని యొడిలోని సంచిలో నుండునవి పత్రములు మాత్రమే కావు. తండ్రి యమ్మిన యెకరమో, కుదువబెట్టిన యిల్లో, తల్లి మెడలోని బంగారమో కూడ అందే యుండును. కార్యాలయపు గవాక్షము నెదుట జరుగు ప్రశ్నోత్తరములు కొన్ని నిమిషములలో ముగియును. ఆ నిమిషములకై మనవారు ఎట్లు సిద్ధపడుచున్నారు, ఎట్లు సిద్ధపడవలెను అను విషయము ఒక్కొక్క కుటుంబపు గుట్టుగా నుండదగినది కాదు. అది ఈ ప్రాంతపు ధనమునకును, మర్యాదకును సంబంధించినది. కావున దానిని గూర్చి నాలుగు మాటలు వ్రాయుట మా విధి యని తలంచితిమి.

పాలమూరునకు వలస క్రొత్తది కాదు. కొత్తకోట 2016లో వనపర్తి జిల్లాలో చేరినది. అంతకు పూర్వము మహబూబునగరు జిల్లాలోనిది. ఆ జిల్లాలో వానలు వెనుదీసిన యేడెల్ల గుంపు మేస్త్రీ ఊరికి వచ్చి, ముందుగా కొంత సొమ్ము చేతిలో పెట్టి, కాగితముపై వేలిముద్ర వేయించుకొని, కూలీలను ఆలుబిడ్డలతో కూడ దూరప్రాంతములకు గొనిపోయెడివాడు. నాగార్జునసాగరము మొదలుగా పెక్కు ఆనకట్టలకు మట్టి మోసినవారిలో పాలమూరు కూలీలు కలరు. తనపేర నెంత బాకీ వ్రాయబడెనో, దినమునకు కూలి యెంతయో, ఎన్ని నెలలకు విడుదలయో ఆ కూలికి తెలియదు. ఈ యన్యాయమును మాన్పుటకై 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టము చేయబడెను. గుత్తేదారు లైసెన్సు పొందవలెననియు, కూలికి పాసుపుస్తక మిచ్చి అందు కూలి రేటును, ముందుగా నిచ్చిన సొమ్మును వ్రాయవలెననియు అది శాసించెను. చట్టము పుస్తకములో నుండెను. కూలి వేలిముద్ర వేయుచునే యుండెను.

ఆ కూలీల మనుమలును, వారికి పొలములో పని చూపిన రైతుల మనుమలును నేడు ఇంజనీర్లైరి. వనపర్తి సంస్థానాధీశుల రాజభవనములో పాలిటెక్నిక్కు వెలసినది. హైదరాబాదు అమీరుపేట వీథులలో కంప్యూటరు విద్య నేర్పు శాలలు వెలసినవి. దుబాయి, బొంబాయి, బొగ్గుబాయి యని తెలంగాణమున నానుడియైన మూడు దారులకు అమెరికా నాలవ దారియైనది. వీసా కొఱకు చెన్నపట్టణము పోవుచుండిన తెలుగువారికి 2008 అక్టోబరులో హైదరాబాదు పైగా ప్యాలెసునందే కాన్సలు కార్యాలయము తెరువబడినది. 2023 మార్చిలో అది నానక్‌రామ్‌గూడలోని సొంత భవనమునకు మాఱినది. దారి దగ్గఱయైనది. కాని మేస్త్రీ పోలేదు. పేరు మార్చుకొని కన్సల్టెన్సీ యైనాడు. అన్ని కన్సల్టెన్సీలును ఇట్టివేయని మేమనము. న్యాయముగా నడచునవియు కలవు. కాని ఒక సంగతి చెప్పక తప్పదు. చదువురాని తాత చదువలేక వేలిముద్ర వేసెను. చదివిన మనుమడు చదువక సంతకము చేయుచున్నాడు.

ఈ మాట కఠినముగా తోచినచో వీసా దరఖాస్తునే చూడుడు. డి.యస్.-160 అను ఆ పత్రమును అభ్యర్థి స్వయముగా సంతకించి, అందలి సమాధానములు సత్యములని ఒప్పుకొనవలెను. ఈ పత్రమును నింపుటలో నీకెవరైన సహాయము చేసిరా యని అందులోనే యొక ప్రశ్న కలదు. పత్రమంతయు కన్సల్టెన్సీ గుమాస్తా నింపి, ఆ ప్రశ్నకు లేదని బదులు వ్రాసినయెడల, అభ్యర్థి గవాక్షమును చేరకమునుపే ఒక యసత్యమునకు సంతకము చేసినవాడగును. సహాయము పొందుట తప్పు కాదు. పొంది పొందలేదనుట తప్పు. గుమాస్తా చేసిన తప్పునకు గుమాస్తా యుత్తరవాది కాడు. సంతకమెవరిదో భారమును వారిదే.

మనవారు పెక్కువగా కోరు నిపుణుల వీసా హెచ్-1బి. 1990 నాటి చట్టముచే ఏర్పడిన యీ తరగతిలో సాధారణముగా ఏటికి 65,000 మందికిని, అమెరికా విశ్వవిద్యాలయములలో మాస్టర్సు పట్టము గాని అంతకు మించినది గాని పొందినవారికి అదనముగా 20,000 మందికిని అవకాశము కలదు. పిటిషను వేయువాడు యజమాని గాని ఉద్యోగి కాడు. పని యేది, పనిచోటు ఏది, జీతమెంత యని యజమాని అచ్చటి కార్మికశాఖకు ముందుగా వ్రాసి యియ్యవలెను. దాని నకలును ఉద్యోగి పనిలో చేరునప్పటికి అతనికి అందజేయవలెను. అందు వ్రాసిన జీతమునకు తగ్గింపరాదు. చేయుటకు పని చూపలేక ఉద్యోగిని ఊరక కూర్చుండబెట్టినను జీతము చెల్లింపవలసినదే. పిటిషను వ్యయమును యజమానియే భరింపవలెను. ఇంతమాత్రము తెలిసిన యువకుడు, పిటిషనునకు నీవే లక్షలు కట్టుమను బేరగానిని మొదటి మాటలోనే గుర్తుపట్టును. మేస్త్రీ ముందుగా సొమ్మిచ్చి మనిషిని కట్టివేసెను. ఈ బేరగాడు సొమ్ము పుచ్చుకొని కట్టివేయుచున్నాడు. ఇదియొకటే భేదము.

ఇక నేర్పబడుచున్న ప్రశ్నోత్తరముల సంగతి. కొన్నిచోట్ల అభ్యర్థులకు ప్రశ్నల చిట్టా యిచ్చి, జవాబులను వల్లె వేయించి, నవ్వు ఎప్పుడు నవ్వవలెనో కూడ నేర్పుచున్నారు. పదుగురు యువకులు వేఱువేఱు ఉద్యోగములకు పోవుచు ఒకే జవాబును ఒకే మాటలతో చెప్పినచో, దినమెల్ల ఆ గవాక్షమువద్ద నిలిచి వినుచున్న యధికారికి అది తెలియకుండునా? అంతకంటె విచారకరమైనది మఱియొకటి కలదు. విద్యార్థియు, యాత్రికుడును తాము తిరిగి స్వదేశమునకు వత్తుమని అధికారిని ఒప్పింపవలెను. హెచ్-1బి అభ్యర్థికి అట్టి నిర్బంధము లేదు. స్థిరనివాసము కోరుట ఆ వీసాకు అడ్డు కాదని చట్టమే చెప్పుచున్నది. ఐనను విద్యార్థులకు నేర్పిన పాఠమునే నిపుణులకును నేర్పి, మూడేండ్లలో వచ్చెదను, మాకిన్ని యెకరములు కలవని లేనిపోని మాటలు చెప్పించువారున్నారు. అడుగని ప్రశ్నకు, అక్కఱలేని యబద్ధము! మనసులో లేని మాట చెప్పునప్పుడు గొంతు తడబడుట సహజము. ఆ తడబాటు అసలు పనిని గూర్చిన సత్యమునకు కూడ మచ్చ తెచ్చును.

మన కొత్తకోటకు చేరువనున్న సరళాసాగరమును ఎఱుగనివారు లేరు. 1949లో పునాదిపడి 1959లో పూర్తియైన ఆ జలాశయమునకు స్వయముగా పనిచేయు సైఫనులు కలవు. నీరు పూర్తిమట్టమునకు వచ్చినప్పుడు ఎవరును తలుపెత్తకయే అవి నీటిని వెడలగొట్టును. మట్టము రానిచో ఎవరెంత ప్రాధేయపడినను చుక్క రాలదు. ప్రశ్నకు జవాబును అట్టిదే. చేసిన పనిని గూర్చియు, చేయబోవు పనిని గూర్చియు మనసు నిండియున్నచో మాట తనంత తానే వచ్చును. 2019 డిసెంబరు 31వ తేదీన ఆ చెఱువు కట్టకే గండిపడినదని కూడ మఱువరాదు. కట్టలో నెఱ్ఱె యున్నప్పుడు సైఫనుల నేర్పు నీటిని నిలుపజాలదు. మాటకారితనము సైఫను వంటిది; సత్యము కట్ట వంటిది.

కట్ట తెగినచో నేమగునో చూచినవారమే. 2011లో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యను విశ్వవిద్యాలయము మోసమని తేలి మూతపడినప్పుడు, అందలి తెలుగు విద్యార్థులు పెక్కుమంది దిక్కుతోచక నిలిచిరి. కొందఱి కాళ్లకు నిఘా పట్టీలు తగిలింపబడినవి. 2019లో మిషిగను రాష్ట్రమున అమెరికా ప్రభుత్వాధికారులే వలగా పన్నిన ఫార్మింగ్‌టన్ విశ్వవిద్యాలయపు వ్యవహారములో మొదట నిర్బంధింపబడిన 130 మందిలో 129 మంది భారతీయులు. వీరు విద్యార్థులే, నిపుణోద్యోగులు కారు, ఐనను పాఠమొక్కటే. ఎవరో చూచుకొందురని కన్నులు మూసికొన్నవానికే దెబ్బ తగులును. వీసా కొఱకు బుద్ధిపూర్వకముగా అసత్యము చెప్పినట్లు తేలినచో, ఆ దేశప్రవేశమునకు శాశ్వతముగా అనర్హత కలుగునని వారి చట్టము. కూలివాని బాకీ ఎన్నడో యొకనాడు తీరెడిది. ఈ బాకీ తీరదు.

మఱి నిజమైన సంసిద్ధత యెట్టిది? అభ్యర్థి మొదట తన పిటిషను నకలును తెప్పించుకొని మొదటినుండి తుదివఱకు చదువవలెను. యజమాని పేరు, పనిచోటు, పదవి, జీతము అందెట్లున్నవో అట్లే తన దరఖాస్తులో నున్నవో లేవో సరిచూచుకొనవలెను. తాను చేయబోవు పనిని ముందు తెలుగులో తన తల్లికి అర్థమగునట్లు రెండు వాక్యములలో చెప్పగలుగవలెను. తల్లికి చెప్పగలిగినవాడు కాన్సలుకు ఇంగ్లీషులో చెప్పగలడు. చదువులో వెనుకబడిన పరీక్ష యున్నను, ఉద్యోగము లేక గడిపిన నెలలున్నను వానిని దాచరాదు. తెలియని దానిని తెలియదని చెప్పవలెను. సామాజిక మాధ్యమములలో తన ఖాతాల పేర్లను దరఖాస్తులో వ్రాయవలసియున్నది. 2025 డిసెంబరు 15 నుండి హెచ్-1బి అభ్యర్థుల ఖాతాలను కూడ పరిశీలింప నారంభించిరి. ఖాతాలో నొక చరిత్రయు, దరఖాస్తులో నొక చరిత్రయు ఉండినచో ఎవరి తప్పు?

తండ్రులకును ఒక మనవి. పహాణీ చూడక, లింకు దస్తావేజులు అడుగక, చెక్కుబందీ విచారింపక, ఇరుగుపొరుగు రైతులను కనుగొనక అరయెకరమైనను కొనని జాగరూకులు మీరు. అట్టి మీరే, కుఱ్ఱవాడు చెప్పినాడని, పెండ్లిలో ఎవరో అన్నారని, బోర్డు చూచి లక్షలు చెల్లించుట న్యాయమా? ఉద్యోగములకై జనులను విదేశములకు పంపు ఏజెంట్లు 1983 నాటి ఎమిగ్రేషను చట్టము ననుసరించి రిజిస్టరు కావలెను. వారు తీసికొనదగిన సేవారుసుము 30,000 రూపాయలకు, దానిపై పన్నునకు మించరాదు. సొమ్ము తీసికొనువానిని రిజిస్ట్రేషను సంఖ్య యడుగుడు. రసీదు అడుగుడు. పిటిషను నకలు అడుగుడు. కాన్సలు అడుగబోవు ప్రశ్నలను ముందు మీ యింటి యరుగుమీద మీరే యడుగుడు. కుమారుడు మీ యెదుట తడబడినచో ఆ ప్రయాణమును ఆపుటకు అదియే తగిన సమయము.

సత్యము చెప్పినవారికెల్ల వీసా వచ్చునా యని కొందఱు అడుగవచ్చును. రాదు, అట్లని మేము భరోసా నియ్యలేము. కాన్సలు నిర్ణయముపై అప్పీలు లేదు. నియమములు మాఱుచుండును: 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు వెలువరించిన ప్రకటన, విదేశములనుండి క్రొత్తగా వచ్చు హెచ్-1బి నిపుణుల పిటిషనులకు లక్ష డాలర్ల చెల్లింపును విధించెను. అదే సంవత్సరము డిసెంబరులో మనదేశమందలి పెక్కుమంది ముఖాముఖి తేదీలు నెలల తరబడి వెనుకకు త్రోయబడెను. చిలుకూరు బాలాజీ సన్నిధిని పదునొకండు ప్రదక్షిణములు చేసి, కోరిక తీరినపిదప నూట యెనిమిది చేయు భక్తులను మేము నిందింపము. మనిషి చేతిలో లేనిది దైవమునకు విడుచుట మన సంప్రదాయమే. కాని మన చేతిలోనున్న దానిని మేస్త్రీకి విడుచుట సంప్రదాయము కాదు. ఒక గవాక్షముపై యింటి భూమినంతయు పణముగా నొడ్డుట వివేకమును కాదు. సత్యముతో పోయి వీసా రాక తిరిగి వచ్చినవాడు మఱల పోగలడు. అతని చదువు అతనియొద్దనే యున్నది. అతడు తిరిగివచ్చిన నాడు ఊరు అతనిని పరాభూతునివలె చూడరాదు.

చరిత్రను కూడ స్మరింపవలెను. 1917 నాటి అమెరికా చట్టము మనదేశపు వలసలకు తలుపు మూసెను. 1946లో ఏటికి నూరుమంది భారతీయులకు మాత్రము చోటిచ్చిరి. 1965లో జాతులవారి కోటాలు తొలగి బంధుత్వమునకును, నైపుణ్యమునకును ప్రాధాన్యము వచ్చినది. తలుపు తెరచినది మన నైపుణ్యమునకు. ఆ గవాక్షమువద్ద మనవాడు భిక్షుకుడు కాడు, పని తెలిసినవాడు. పని తెలిసినవానికి కృత్రిమ వినయమును, కల్పిత చరిత్రయును అక్కఱలేదు.

ఈ విషయమున చేయవలసినది అసాధ్యము కాదు. వనపర్తి, మహబూబునగరు కళాశాలలు తుది సంవత్సర విద్యార్థులకు ఒప్పందపత్రము చదువుట, తన పనిని తాను వివరించుట యను రెండు విద్యలను నేర్పవలెను. కొత్తకోట వంటి పట్టణములలోని గ్రంథాలయములందు వారమున కొకనాడు, విదేశములలో పనిచేసి వచ్చినవారు రుసుము లేక దరఖాస్తులు చదివి సలహా చెప్పవచ్చును. తెలంగాణ ప్రభుత్వము విదేశోద్యోగములకై టామ్‌కామ్ అను సంస్థను నడుపుచున్నది. దాని సేవ హైదరాబాదులో నిలిచిపోక మండలములవఱకు రావలెను. మోసగాండ్లపై వచ్చిన ఫిర్యాదులను పోలీసులు కుటుంబ కలహములవలె రాజీ చేయించి పంపక, కేసులుగా నడుపవలెను. వీనిలో ఏ యొక్కటియు గొప్ప వ్యయముతో కూడినది కాదు. 1979 నాటి చట్టము కూలికి పాసుపుస్తకమునైతే యిమ్మన్నది గాని, దానిని చదువు కన్నుల నియ్యజాలకపోయెను. నేడు మన పిల్లలకు కన్నులున్నవి. సంతకము చేయుటకు పూర్వము వారు వానిని తెరతురని ఆశించుచున్నాము.