కాల్‌సైన్ వచ్చాక ఏంటి?

ఇంటర్వ్యూలో ‘మీ హాబీ ఏంటి?’ అని అడిగితే పాటలు వినడం, క్రికెట్ చూడడం అనేవాళ్లే ఎక్కువ. ఒక అభ్యర్థి ‘హామ్ రేడియో’ అన్నాడనుకోండి. వెంటనే రెండో ప్రశ్న వస్తుంది. ‘ఎవరితో మాట్లాడారు? యాంటెన్నా మీరే కట్టారా?’ దానికి జవాబు లేకపోతే సర్టిఫికెట్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. పన్నెండేళ్లు నిండినవాళ్లు ఎవరైనా కేంద్ర టెలికం శాఖ పరీక్ష రాయొచ్చు. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు మోర్స్ కోడ్ అక్కర్లేదు. ప్రాథమిక ఎలక్ట్రానిక్స్, రేడియో నిబంధనలు చదువుకుంటే చాలు. పాసై లైసెన్స్ తీసుకుంటే సొంత కాల్‌సైన్ వస్తుంది. అయితే చాలామంది అక్కడితో ఆగిపోతారు. సెట్ కొనాలంటే ఖర్చు, యాంటెన్నా ఎక్కడ కట్టాలో తెలీదు, మైక్ పట్టుకుంటే బెరుకు. ‘ఈ కాలం పిల్లలకు ఓపిక లేదు’ అనేయడం సీనియర్లకు తేలికే. కానీ పక్కన కూర్చోబెట్టుకుని మొదటిసారి మాట్లాడించింది ఎంతమందిని?

అలవాటైన చేతుల విలువ 2004లో తెలిసింది. హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందం ఆ డిసెంబరులో అండమాన్ వెళ్లింది. వెళ్లింది ప్రపంచవ్యాప్త హామ్‌లతో మాట్లాడే సరదా కోసమే. 26న సునామీ ముంచెత్తి ఫోన్లు మూగబోయాయి. అప్పుడు పోర్ట్‌బ్లెయిర్ నుంచి క్షేమ సమాచారం మోసింది ఆ సెట్లే. సర్టిఫికెట్‌తో పాటు రోజూ మాట్లాడిన అనుభవం ఉంది కాబట్టే అది సాధ్యమైంది.

అందుకే సీనియర్లకు ఒక మాట. పరీక్ష రాయించడంతో పని అయిపోయిందనుకోవద్దు. కాలేజీలో ఒక క్లబ్ స్టేషన్ పెట్టించండి. లైసెన్స్ వచ్చిన వారంలోనే మొదటి కాంటాక్ట్ చేయించండి. దాచిన ట్రాన్స్‌మిటర్‌ను వెతికే ‘ఫాక్స్ హంట్’ ఒక్కసారి ఆడించండి. రెండోసారి వాళ్లే అడుగుతారు.

విద్యార్థులకూ ఒక మాట. ఈ హాబీతో డబ్బు సంపాదించకూడదు, అది నిబంధన. ఉద్యోగం ఖాయమని ఎవరైనా చెబితే నమ్మొద్దు. కానీ క్లాసులో బోర్డు మీద చూసిన తరంగదైర్ఘ్యం ఇక్కడ చేతికి తగులుతుంది. రెండు మీటర్ల బ్యాండ్‌కు డైపోల్ కట్టాలంటే మొత్తం పొడవు దాదాపు ఒక మీటరు. ఎందుకంత? కొలిచి, కత్తిరించి, సరిచేస్తే ఇక మరచిపోరు. ఖర్చు లేకుండా మొదలుపెట్టాలంటే ముందు వినండి. నెదర్లాండ్స్‌లోని ట్వెంటె విశ్వవిద్యాలయం రిసీవర్‌ను ఇంటర్నెట్‌లో ఎవరైనా తిప్పి వినొచ్చు. నచ్చితే పుస్తకం పట్టండి, ఊళ్లో ఒక హామ్‌ను వెతికి పట్టుకోండి.

హాబీ ఏంటన్న ప్రశ్నకు జవాబు రెజ్యూమెలో ఒక లైను. రెండో ప్రశ్నకు మాత్రం మీరు చేసిన పనే జవాబు చెప్పాలి.