మైళ్లతో కొన్న టికెట్.. ఫ్లైట్ టైమ్ మారితే వెంటనే 'ఓకే' నొక్కొద్దు!

ఎయిర్ ఇండియా 2025 సెప్టెంబర్ 1 నుంచి ఢిల్లీ-వాషింగ్టన్ సర్వీసు ఆపేసింది. బోయింగ్ 787ల ఆధునికీకరణ, పాకిస్థాన్ గగనతలం మూసివేతను కారణాలుగా చెప్పింది. హైదరాబాద్ నుంచి వర్జీనియా, మేరీల్యాండ్‌లోని పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకు ఆ దారి మూసుకుపోయింది.

ఇలాంటప్పుడు ఎక్కువ చిక్కు మైళ్లతో బుక్ చేసుకున్నవారికే. స్టార్ అలయన్స్‌లోని మరో సంస్థ మైళ్లతో ఎయిర్ ఇండియా సీటు తీసుకుంటే.. టికెట్ ఇచ్చింది ఒకరు, విమానం నడిపేది ఇంకొకరు. 'వాళ్లనే అడగండి' అని ఇద్దరూ తిప్పే ఛాన్స్ ఉంటుంది. మామూలుగా టికెట్ మార్చాల్సింది మైళ్లు తీసుకున్న సంస్థే. ముందు ఫోన్ చేయాల్సింది అక్కడికే.

రూల్ ఏంటి?

అమెరికా రాకపోకల అంతర్జాతీయ ఫ్లైట్ 6 గంటలు ముందుగా బయల్దేరినా, 6 గంటలు ఆలస్యంగా చేరినా రీఫండ్ అడగొచ్చు. అక్కడి దేశీయ ఫ్లైట్లకు ఇది 3 గంటలు. మైళ్లతో కొంటే మైళ్లు, కట్టిన పన్నులు వెనక్కివ్వాలి. కానీ కొత్త టైమ్‌కు ఒప్పుకుంటే ఆ హక్కు పోతుంది. తొందరపడి సొంతంగా క్యాన్సిల్ చేసుకుంటే ఛార్జీలు పడొచ్చు.

మైళ్లు వెనక్కొచ్చినా.. అన్నే మైళ్లకు మళ్లీ సీటు దొరుకుతుందన్న గ్యారంటీ లేదు. అందుకే రెండు మూడు వేరే ఫ్లైట్ల నంబర్లు దగ్గర పెట్టుకుని, ముందు మార్పే అడగడం మేలు. మార్చాక టికెట్ కొత్తగా జారీ అయిందో లేదో చూసుకోవాలి. బుకింగ్ కనిపించినా టికెట్ లేకపోతే ఎయిర్‌పోర్టులో ఆగిపోవాల్సిందే.

హైదరాబాద్-ఢిల్లీ టికెట్ విడిగా కొన్నవారు మరింత జాగ్రత్త! అవతలి ఫ్లైట్ టైమ్ మారిందన్న సంగతి ఈ సంస్థకు పట్టదు.